సంకోచ సంశయములు: ఒక అర్థవిచారము

ఆంగ్లమున 'హెజిటేట్', 'వేవర్', 'వాసిలేట్', 'ఫాల్టర్', 'స్క్రూపుల్' అను మాటలు వేర్వేరు మనఃస్థితులను తెలుపును. మన అనువాదములలో వీనిలో పెక్కింటికి 'సంకోచము' అను ఒక్క మాటయే బదులుగా నిలుచుచున్నది. ఇది భాషాదారిద్ర్యము కాదు. సంశయము, సందేహము, శంక, జంకు, కొంకు, వెనుకాడుట, తటపటాయించుట, తడబడుట, ఊగిసలాట, మొగమాటము, తాత్సారము అని ఇన్ని మాటలు గల భాషకు దారిద్ర్య మెక్కడిది? ఉన్న మాటల నడుమ హద్దులు గీయకుండుటయే లోపము. ఆ హద్దులను కొంతవరకు నిరూపించుటయు, అవి చెరిగినప్పుడు సాహిత్యవిమర్శకును లోకవ్యవహారమునకును కలుగు నష్టమును చూపుటయు ఈ వ్యాసమున మా ఉద్దేశము.

నిఘంటువులు ఈ పనికి కొంతవరకే తోడ్పడును. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము పర్యాయపదములను పద్యములలో కూర్చినది. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన బ్రౌను దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. ఆ ఏటనే ఇంగ్లండున రోజెట్ పదకోశము అచ్చయినది. ఇట్టి గ్రంథములు సమానార్థకములను ఒకచోట చేర్చును. చేర్చుట వేరు, విడదీయుట వేరు. ఆంగ్లమున ఈ విడదీయు పనిని పియోజీ 1794లోను, క్రాబ్ 1816లోను ప్రత్యేక గ్రంథములుగా చేసిరి. మనకు అట్టి గ్రంథము అవసరమన్న మాటను ఈ ఒక్క పదకుటుంబమే చాటగలదు.

మొదట ధాత్వర్థములను చూతము. 'హెజిటేట్'కు మూలమైన లాటిన్ క్రియకు అంటుకొని నిలిచిపోవుట అర్థము. 'వాసిలేట్' అనగా అటునిటు ఊగుట. 'డౌట్' మూలమున రెండు అను సంఖ్య దాగియున్నది. 'స్క్రూపుల్' మూలమున చిన్న వాడిరాయి కలదు. చెప్పులో దూరిన గులకరాయివలె మనస్సును పొడుచునది అది. సంస్కృతమున సంకోచము ముడుచుకొనుట; సందేహమునకు పూయుట అను అర్థము గల ధాతువు, సంశయమునకు శయనించుట అను అర్థము గల ధాతువు మూలములు. సంకోచము తనలోనికి తాను ముడుచుకొనుట గనుక చేతకు సంబంధించినది. సంశయము తెలివికి సంబంధించినది. నిజమేదో తెలియనివాడు సంశయించును. నిజము తెలిసియు చేయుటకు ముడుచుకొనువాడు సంకోచించును. ఈ మొదటి హద్దు చెరిగిన పిమ్మట తక్కినవన్నియు చెరిగిపోవును.

దేశ్యపదములలో భేదము మరింత సూక్ష్మము. జంకునకు భయము మూలము. వెనుకాడుటయందు భయము ఉండవచ్చును, లేకపోవచ్చును. ముందునకు పడవలసిన అడుగు పడకుండుటయే అందు ప్రధానము. మొగమాటమునకు కారణము ఎదుటివాని ముఖము. ఒంటరిగానున్న వానికి మొగమాటము లేదు. ఊగిసలాటకు రెండు కొసలు కావలెను. ఒకే త్రోవ గలవాడు జంకవచ్చును గాని ఊగిసలాడలేడు. తడబాటు కాలికిని నాలుకకును చెల్లును. ఈ విషయమున ఆంగ్లపు 'ఫాల్టర్' దానికి సరియైన తోడు. తాత్సారమున నిశ్చయము లేకపోలేదు. కాలము మాత్రమే జారిపోవుచుండును. మీనమేషములు లెక్కించుట అను నుడికారము ఈ జారుబాటును ఎత్తిపొడుచుటకు పుట్టినది.

నిశ్చయమును తెలుపు మాటలను పరిశీలించినచో అనిశ్చయపు స్వరూపము తేటపడును. ఆంగ్లపు 'డిసైడ్' మూలమున నరకుట అను అర్థము కలదు. తెలుగున తెగించుట, తెగువ, తెంపు అనునవి ఆ దారినే నడచినవి. కాని తెలుగునకు రెండవ దారియు కలదు. 'విషయము తేలినది' అందుము, 'తేల్చుకొంటిని' అందుము. మునిగియున్నది నీటిపైకి వచ్చుట అందలి ఊహ. కనుక మనకు అనిశ్చయము రెండు విధములు: తెగనిది, తేలనిది. తెగనిచోట లోపము కర్తయందున్నది. తేలనిచోట విషయమే ఇంకను మరుగున నున్నది. మొదటిదానికి ధైర్యము మందు, రెండవదానికి జ్ఞానమో కాలమో మందు. ఈ విభాగము విమర్శకునకు మిక్కిలి ఉపయోగించునని మా నమ్మకము.

దీనిని కావ్యములపై పరీక్షింతము. పోతన గజేంద్రుడు బలముడిగిన క్షణమున, ఉన్నాడందురే ఆ దేవుడు నిజముగా ఉన్నాడా యని తలపోయును. ఇది శుద్ధమైన సంశయము, తేలని స్థితి. దీనిని సంకోచ మన్నచో శరణు వేడుటకు అతడు సిగ్గుపడెనని అర్థమగును, ఘట్టమంతయు తలక్రిందులగును. ద్రోణవధ ఘట్టమున ధర్మరాజు స్థితి దీనికి మారుమొగము. చచ్చినది ఏనుగని ఆతనికి స్పష్టముగా తెలియును, సంశయలేశము లేదు. అసత్యదోషము చెప్పులోని రాయివలె పొడుచుచున్నది. దానిని ధర్మశంక యనవలెను. ఏనుగను మాటను లోగొంతుకతో పలుకుటను నసుగుడనుటయు పొరపాటే. నసుగువానికి మాట పెగలదు, ధర్మరాజు ఎంచి ఎంచి మాట తగ్గించెను.

షేక్స్పియర్ హామ్లెట్‌ను తరగతి గదులలో సంకోచపరుడని ఒక్క ముక్కలో తేల్చివేయుట వాడుక. ఆతని ఆలస్యమునకు అతిగా ఆలోచించుట కారణమని కోల్‌రిడ్జ్, విషాదమే కారణమని 1904లో బ్రాడ్లీ వివరించిరి. పదభేదమును పాటించినచో ఆ ఒక్క ఆలస్యము మూడుగా విడిపోవును. నాటకము ఆడించి రాజును పరీక్షించువరకు ప్రేతము చెప్పినది నిజమా యను సంశయము. ప్రార్థనలోనున్న రాజును చంపకుండుట, అట్లు చంపిన వానికి స్వర్గము దక్కునను కారణముతో చేసిన వాయిదా. తన్ను తాను నిందించుకొను స్వగతములలో కనబడునది తాత్సారము. మూడింటికి ఒకే మాట వాడు విమర్శకుడు పాత్రను చూచుట లేదు, దానికి అతికించిన చీటీని చదువుచున్నాడు.

ఇది పుస్తకములకే పరిమితమైన చర్చ కాదు. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరిన డోన్ ప్రాంతమున, వానను నమ్ముకొని వేరుసెనగ విత్తు మెట్టరైతును చూతము. ముంగారున మొదటి వాన కురిసినది. నేలకు అర పదును తగిలినది. విత్తిన పిమ్మట వాన ముఖము చాటేసినచో విత్తనము పోవును. విత్తకున్న అదను పోవును. ఆ రైతు చేను గట్టున నిలిచినచో అది పిరికితనము కాదు, సోమరితనము కాదు. తెగువ ఎంత యున్నను మేఘము మనసు తేలదు. ఆతనిని ముందువెనుకలు చూచుచున్నాడనుట న్యాయము, జంకుచున్నాడనుట అన్యాయము. దూరాన కూర్చుండి నివేదిక వ్రాయువాడు 'రైతులు సంకోచించుచున్నారు' అని వ్రాసినచో, కావలసినది నీరు కాగా ఉపదేశము పంపబడును.

ఇట్టిదే మరియొక ఉదాహరణము. టీకాల విషయమున 'హెజిటెన్సీ'ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో లోకారోగ్యమునకు గల పది ముప్పులలో ఒకటిగా పేర్కొన్నది. ఆ సంస్థకు సలహాలిచ్చు నిపుణుల బృందము అంతకుముందే దానికి మూడు కారణములను గుర్తించినది: నమ్మకము లేమి, ముప్పు లేదను ఉదాసీనత, టీకా సులభముగా అందకుండుట. తెలుగున వీనినన్నిటిని 'టీకా సంకోచము' అని ఒక మూటగా కట్టినచో వైద్యుడు ఏమి చేయవలెనో తెలియదు. మొదటిది శంక; దానికి నిజము చెప్పవలెను. రెండవది ఉపేక్ష, దానికి హెచ్చరిక కావలెను. మూడవది మనసుకు సంబంధించినదే కాదు; దానికి బండియో, ఊరిలోనే వైద్యశాలయో కావలెను. ఆంగ్లపదమే విశాలమైనది గదా, తెలుగున మాత్రము ఏల విడదీయవలెనని కొందరు అడుగవచ్చును. విశాలపదము శాస్త్రచర్చకు చాలును. రోగి గడపలో నిలిచి మాటలాడువానికి చాలదు.

వాడుకలో ఈ మాటలు ఒండొంటితో కలిసిపోవుచునేయున్నవి కదా యను ఆక్షేపణమునకు సమాధానమొకటి. పొలముల గట్లు వానకు కరిగినంత మాత్రమున పొలములు ఒకటి కావు. ఒక మాటను తీసి మరియొకటి పెట్టి చూచినచో భేదము చెవికే తెలియును. 'పెద్దలముందు మొగమాటపడెను' అనుటకు మారుగా 'పెద్దలముందు సంశయించెను' అని చూడుడు. ఈ ప్రతిక్షేప పద్ధతిని ప్రబంధములపై, శాసనభాషపై, మాండలికములపై ప్రయోగించి పర్యాయపద విచారమును సాగించుట పరిశోధక విద్యార్థులకు ఫలవంతమగు క్షేత్రము. ఏ మాట ఏ మనస్సుదో తేల్చుట మొదటి పని. మంచిచెడ్డల తీర్పు ఆ పిమ్మటిది.