పురుషోత్తమ చౌదరి కీర్తనలలో పిలుపు

పురుషోత్తమ చౌదరి (1803–1890) పేరు తెలుగు క్రైస్తవుల ఇండ్లలో వినబడినంతగా మన సాహిత్య చరిత్రలలో కానరాదు. పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొందిన ఈ కవి నేటి ఒడిషాలోని తెలుగువారికి ఇంటి కవి. ఆయన వైష్ణవ కీర్తనలో దేవుని పేరు మాత్రము మార్చెనను మాట ఒకటి కలదు. పల్లవి, అనుపల్లవి, చరణములు, పైని రాగతాళముల పేర్లు, శరణాగతి పదజాలము చూచినవారికి అది నిజమే యనిపించును. కాని కీర్తనలను నిలిపి చదివినచో ఆ మాట నిలువదు.

ఆనాటి తెలుగు చదువరికి సత్యవేదము ఎంతవఱకు అందెనో మొదట గమనింపవలెను. విశాఖపట్టణమున డెగ్రాంజి దొర ఆనందరాయరు తోడ్పాటుతో తెనిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. కొలది యేండ్లకు క్రొత్త నిబంధన వచ్చెను. చౌదరి విశ్వాసమును స్వీకరించిన నాటికి సంపూర్ణ బైబిలు తెలుగున ఇంకను వెలువడలేదు. అట్టి లోటులో ఆయన కీర్తన వేదార్థమును చెవిద్వారా ఇంటికి చేర్చెను. గాన రచన యని మాత్రమే దానిని తూచరాదు.

ఇక పిలుపు మాట. రాత్రివేళ బాలుడగు సమూయేలును, సుంకపు మెట్టు వద్ద మత్తయిని దేవుడే మొదట పిలిచెను. మనుష్యుడు లేచుట తరువాత. మన భక్తి కీర్తనలలో తఱచుగా భక్తుడే ముందు పిలుచును. పలుకడేమని రామదాసు రాముని నిలదీయును. ఆ చనువే ఆ కీర్తనలకు ప్రాణము. చౌదరి ‘త్రాహిమాం క్రీస్తు నాథ’ యను ప్రసిద్ధ కీర్తనలో మొఱ యున్నది కాని నిలదీత లేదు. నింద యంతయు తనమీదనే. సిలువపై కార్యము ముందే జరిగినదను నమ్మకమునుండి ఆ మొఱ పుట్టినది గనుక, అది పిలుపు కాదు, పిలుపునకు బదులు. రూపము వైష్ణవమే, లోపలి నడక మాత్రము సువార్తది.

లోపములు లేకపోలేదు. కుల, విగ్రహ ఖండనకై ఆయన వ్రాసిన గ్రంథములలో వాదము కవిత్వమును అణచివేసెను. కీర్తనలలోను కొన్నిచోట్ల సంస్కృత సమాసము ప్రాసకొఱకే వచ్చి కూర్చున్నది. 1878లో ఒంగోలు మిషను వారు వేలంపల్లి వద్ద ఒక్కనాడు 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. అట్టి సంఘములలో పలువురు అక్షరము నేర్వని పేదలు. వారికి ఈ సమాసములు తెలిసెనా? వెంటనే తెలియవు. అయినను రాగము పదమును నోట నిలిపెను. వాక్యము వినగా వినగా అర్థము ఆ పదమును వెదకికొని వచ్చెను. ఆధ్యాత్మిక వృద్ధికి సంఘములు నడచిన త్రోవ ఇట్టిది.

బరంపురము, పర్లాకిమిడి ప్రాంతములలో ఒడియా బడులలో చదువు తెలుగు బిడ్డలకు నేడు ఈ త్రోవ ఇరుకగుచున్నది. రాగము వచ్చును, లిపి రాదు; పదము నోటికి వచ్చినను అర్థము చెప్పువారు ఇంట లేరు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ గ్రంథమునుండి చౌదరి రచనలను వేఱుపఱచి, కఠిన పదములకు అర్థములతో, తెలుగు లిపి ప్రక్కన ఒడియా లిపిలోను అచ్చువేయుట అక్కడి సంఘములకు తలకు మించిన పని కాదు.