కొయ్యపెట్టెలో సంగీతము: రేడియోగ్రాము గుణదోష విచారణ

తార్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ వైపు పోవు వీధులలో ఒకప్పుడు ఆచార్యులు, ప్రయోగశాలల ఉద్యోగులు కట్టుకొన్న చిన్న ఇండ్లు వరుసగా ఉండెడివి. అట్టి కొన్ని ఇండ్ల ముందుగదిలో గోడవారగా, నాలుగు కాళ్ళమీద నిలిచిన పొడవైన కొయ్యపెట్టె ఒకటి కనుపించెడిది. దానిపై లేసు గుడ్డ, గుడ్డమీద పూలకుండీ. మూత ఎత్తినచో ఒక ప్రక్క గ్రామఫోను పళ్ళెము, రెండవ ప్రక్క రేడియో మీటలు. ఇదియే రేడియోగ్రాము. రేడియో, రికార్డు ప్లేయరు, వర్ధకము, లౌడుస్పీకర్లు అన్నియు ఒకే పెట్టెలో ఇమిడిన గృహ సంగీత యంత్రము.

మా ఇంటను అట్టిది ఒకటి కలదు. పాత ఇల్లు పడగొట్టి అంతస్తుల భవనము కట్టుటకు ఒప్పందము కుదిరినందున, దీనిని ఏమి చేయవలెనను ప్రశ్న వచ్చినది. ఒకరు జుమ్మెరాత్ బజారులో అమ్మివేయుడనిరి. మరమ్మతు చేయు మేస్త్రీ చూచి, "పెట్టె మంచిగున్నది సార్, లోపలిదంతా తీసేసి బ్లూటూత్ బోర్డు పెడితే సరిపోతది" అనెను. మా పెదనాన్నగారు మాత్రము, "ఈ ధ్వని ఇప్పటి యంత్రాలలో ఎక్కడిది? దాన్ని ముట్టుకోవద్దు" అనిరి. ఈ మూడు సలహాలలో ఏది న్యాయమో తేల్చవలెనన్నచో, ముందు ఆ పెట్టె నిజముగా ఏమి చేయునో, ఏమి చేయలేదో తెలిసికొనవలెను.

పుట్టుపూర్వోత్తరములు

రేడియోకును, రికార్డు ప్లేయరుకును చివరి పని ఒక్కటే: బలహీనమైన విద్యుత్సంకేతమును పెంచి లౌడుస్పీకరులోని కాగితపు శంకువును కదలించుట. సంకేతము గాలిలో తేలివచ్చినను, ముల్లు గాడిలో నడచి తెచ్చినను, పెంచుటకు ఒకే వర్ధకము చాలును. ఈ పొదుపే రేడియోగ్రామునకు మూలము.

పది అంగుళముల 78 వేగపు రికార్డు ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషములే పాడెడిది. 1948లో వచ్చిన లాంగ్‌ప్లే రికార్డు ఇరువది నిమిషములకు పైగా పాడసాగెను. ఒకే గాడిలో రెండు ధ్వనులను ఇముడ్చు స్టీరియో ఉపాయమును ఇంగ్లండులో ఏలన్ బ్లమ్‌లీన్ 1931లోనే పేటెంటు దరఖాస్తులో వివరించెను. గాడి రెండు గోడలను నిలువునకు 45 డిగ్రీల వంపున చెక్కి, ఒక గోడపై ఎడమ ధ్వనిని, రెండవ గోడపై కుడి ధ్వనిని వ్రాయుట అందలి కీలకము. అట్టి రికార్డులు విస్తారముగా అంగడికి వచ్చినది 1958లో. అప్పటి నుండి రేడియోగ్రాము పెట్టె పొడవు పెరిగి, రెండు కొసలయందు రెండు స్పీకర్లు వెలసినవి.

మన నగరమున 1930లలో దక్కను రేడియో మొదలై, 1950లో ఆకాశవాణిలో కలిసినది. 1952 ప్రాంతమున ఆకాశవాణి సినిమా పాటలను తగ్గించగా, శ్రోతలు షార్టువేవు మీద రేడియో సిలోను వైపు మరలిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చిన పిమ్మట వారిలో చాలమంది తిరిగి వచ్చిరి. అందుచేతనే మన ఇండ్లలో షార్టువేవు మీట కూడ మీడియంవేవు మీటవలెనే అరిగిపోయినది. 1963లో ఫిలిప్సు కంపెనీ క్యాసెట్టును ప్రవేశపెట్టెను. 1970లలో క్యాసెట్టును కూడ కలుపుకొన్న మ్యూజిక్ సెంటర్లు, గల్ఫు దేశములనుండి తెచ్చిన టూ-ఇన్-వన్‌లు రేడియోగ్రామును గది మూలకు నెట్టినవి.

దోషములు

మొదటి దోషము జ్యామితికి సంబంధించినది. స్టీరియో ధ్వని చక్కగా విడివడి వినిపించుటకు, రెండు స్పీకర్లు, శ్రోత కలిసి సమబాహు త్రిభుజముగా ఉండవలెను. అనగా స్పీకర్లు శ్రోతకు 60 డిగ్రీల ఎడముతో కనుపించవలెను. మా పెట్టెలో స్పీకర్ల నడుమ దూరము నాలుగు అడుగులు. కుర్చీలు వేసిన చోటు పది అడుగుల దూరము. లెక్క కట్టినచో ఎడము 23 డిగ్రీలు మాత్రమే. 60 డిగ్రీలు కావలెనన్నచో పెట్టెకు మూడున్నర అడుగుల దూరములో కూర్చుండవలెను. ఎవరును అట్లు కూర్చుండలేదు. కావున ఈ పెట్టెలపై వ్రాసిన 'స్టీరియో' అను మాట చాల ఇండ్లలో సగము అలంకారమే. కాని 1950, 60లలోని తెలుగు సినిమా పాటలు మోనో ధ్వనిముద్రణలే. వానికి ఈ లోపము లోపము కాలేదు.

రెండవది: కంపించు స్పీకరును, కంపమును సహింపని ముల్లును ఒకే పెట్టెలో కాపురముంచుట. స్పీకరు అదురు కొయ్యగుండా పళ్ళెమునకు, పళ్ళెమునుండి ముల్లుకు చేరి, మరల వర్ధకములో పెరిగి స్పీకరునకు వచ్చును. శబ్దము హెచ్చించినప్పుడు 'గూ' మని రొద పుట్టుటకు ఇదియే కారణము. పళ్ళెము క్రింద స్ప్రింగులు వేసినను ఈ జబ్బు పూర్తిగా కుదరదు.

మూడవది: పెట్టె వెనుక భాగము రంధ్రముల అట్టతో తెరచియుండుట. వాల్వుల వేడి పోవుటకు ఇది అవసరమే. కాని శంకువు ముందుకు నెట్టిన గాలియు, వెనుకకు లాగిన గాలియు అంచులచుట్టు తిరిగి కలిసికొని ఒకదానినొకటి రద్దు చేసికొనును. 100 హెర్ట్జుల ధ్వనికి తరంగదైర్ఘ్యము సుమారు 11 అడుగులు. నాలుగైదు అడుగుల పెట్టె అంత పెద్ద తరంగమును ఆపజాలదు. అందుచేత నిజమైన మంద్రధ్వనులు క్షీణించును.

నాలుగవది: ఈ పెట్టెలలో సామాన్యముగా వాడిన సిరామిక్ పికప్పు రికార్డుపై సుమారు 5 గ్రాములు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ, బరువు మోపును. మేలైన అయస్కాంత పికప్పులకు రెండు గ్రాములు చాలును. అరిగిన ముల్లుతో ఏళ్ళ తరబడి తిప్పిన రికార్డు గాడి మరి కోలుకొనదు.

గుణములు

ఇన్ని దోషములున్న యంత్రమును మా పెదనాన్నగారు ఏల మెచ్చుకొందురు? అది గత స్మృతుల భ్రమయని కొట్టివేయుట సులభము. దానిని పరీక్షించి చూచుట మేలు. విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదువుచున్న మా బంధువుల అబ్బాయి సాయముతో, చేతిఫోనును పెట్టెలోని 'గ్రామ్' ద్వారమునకు తీగతో తగిలించి, ఫోనులోని ఒక పాత పాటను పెట్టితిమి. పెదనాన్నగారు ప్రక్కగదినుండి వచ్చి, "రికార్డు దొరికిందా?" అని అడిగిరి. రికార్డు లేదు, ముల్లు లేదు. ధ్వనిమూలము అంకెల రూపమున నున్న ఫైలే. కాని వారు గుర్తించిన 'పాత ధ్వని' మాత్రము అక్కడ ఉన్నది. అనగా దాని నివాసము రికార్డులో మాత్రమే కాదు. వర్ధకములోను, కొయ్యపెట్టెలోను కలదు.

పిమ్మట ఆ అబ్బాయి ఫోనునుండి ఒక్కొక్క పౌనఃపున్యమునే పంపెను. 50 హెర్ట్జుల వద్ద దాదాపు నిశ్శబ్దము. 120, 130 దగ్గర పెట్టెపై నున్న పూలకుండీ గలగలలాడెను. గాలి స్తంభముతో ప్రయోగశాలలో విద్యార్థులు చేయు అనునాద ప్రయోగమే ఇక్కడ కొయ్యపలకలు చేయుచున్నవి. పురుషకంఠములోని క్రింది స్వరములు చాలవరకు ఈ మేరలోనే పడును. లోతైన మంద్రము లేని కొరతను ఈ అనునాదము కప్పివేయును.

వర్ధకము పాలు మరియొకటి. ఒక్కొక్క ప్రక్క ఒక్కొక్క వాల్వు గల ఇట్టి వర్ధకము ధ్వనిని ఉన్నదున్నట్లు పెంచదు. ప్రధానముగా రెండవ అనుస్వరమును కొంత చేర్చును. షడ్జమునకు రెండవ అనుస్వరము తారషడ్జమే గదా! తంబుర మీటినప్పుడు అనుస్వరములు విని ఆనందించు చెవికి ఇది అపశ్రుతిగా తోచదు, నిండుదనముగా తోచును. శాస్త్రదృష్టిలో ఇది విరూపణమే. శ్రోత దృష్టిలో రుచియే. రెండు మాటలును నిజమే. కాని రెండవదానిని మొదటిదాని స్థానమున నిలిపి, 'ఇదియే అసలు ధ్వని' అనుట పొరపాటు. పులుసులో బెల్లము రుచియే. చింతపండు గుణమని దానిని చెప్పరాదు.

శక్తిలో కూడ ఇది అనుకొన్నంత బీద కాదు. ఒక్కొక్క ప్రక్కకు 3 నుండి 5 వాట్లే. కాని చెవికి శబ్దము రెండింతలుగా తోచవలెనన్నచో శక్తి సుమారు పదింతలు కావలెను. కాబట్టి 50 వాట్ల యంత్రము 5 వాట్లదానికంటె రెండింతలు మాత్రమే బిగ్గరగా వినిపించును. ఒక గదికి ఆ కొద్ది వాట్లే చాలును.

చివరి గుణము వినికిడికి సంబంధించినది కాదు. మా పెట్టె లోపలి ప్రక్కన దాని విద్యుత్పథ చిత్రము అంటించియున్నది. వాల్వు పోయినచో చేతితో ఊడబెరికి మరియొకటి గ్రుచ్చవచ్చును. కెపాసిటర్లు, రెసిస్టర్లు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరకును. ఈనాడు ఒకే గిన్నెవంటి పెట్టెలో అన్నియు అమర్చి అమ్ముచున్న స్పీకర్లు కూడ 'అన్నియు ఒకచోట' అను పాత పొదుపునకు వారసులే. కొలతలలో అవి అనేక విధముల మేలైనవి. కాని బ్యాటరీ అలసినచో చాలవానిని పారవేయవలసినదే. తమ లోపల ఏమున్నదో అవి ఇంటివారికి చెప్పవు.

తీర్పు

కావున అమ్ముమన్న సలహా తొందరపాటు. లోపలిది తీసివేయుమన్నది అంతకంటె నష్టము. ఏలననగా మనము మెచ్చిన ధ్వనిలో సగము ఆ వర్ధకములోనే ఉన్నది. తీసివేసిన పిమ్మట మిగులునది బీరువా. ముట్టుకోవద్దన్న పెదనాన్నగారి మాటయు చెల్లదు. ఎండిపోయిన కెపాసిటర్లను మార్చక ప్లగ్గు పెట్టినచో ట్రాన్సుఫార్మరే కాలవచ్చును. మేము కెపాసిటర్లను, ముల్లును మార్పించి, తక్కినదానిని యథాతథముగా ఉంచితిమి.

ఇట్టి పెట్టె గల పాఠకులకు ఒక హెచ్చరిక. లోపల సుమారు 250 వోల్టులుండును. మీట ఆపిన తరువాత కూడ కెపాసిటర్లలో కొంతసేపు నిలువయుండును. ట్రాన్సుఫార్మరు లేని ఏసీ-డీసీ సెట్లలో లోహపు చట్రమే మెయిన్సుకు తగిలియుండును గనుక వానికి ఫోను తగిలించుట ప్రాణాపాయము. తెలిసినవారికి చూపి, మా సెట్టులో ట్రాన్సుఫార్మరున్నదని తేలిన మీదటనే మేము తీగ కలిపితిమి.

కొత్త ఇంటి ముందుగది పటము చూచితిని. పాతదానిలో సగము కూడ లేదు. పెట్టె గోడకు చేర్చినచో కుర్చీ నాలుగు అడుగుల దూరమున వేయక తప్పదు. ఇన్నాళ్ళకు, గది ఇరుకు పుణ్యమా అని, మా రేడియోగ్రాము నిజమైన స్టీరియోను వినిపించబోవుచున్నది.