తాగుడు వైద్య పరిశోధనల్లో వాడ ఎక్కడుంది?

తాగుడు మాట వచ్చినప్పుడల్లా మన వాడల మీద రెండు రకాల తీర్పులు పడుతుంటాయి. ఊళ్లో పెద్దకులాలు చెప్పేది ఒకటి: "వాళ్లు తాగి చెడిపోయారు, ఎంత ఇచ్చినా ఇంతే." ఆస్పత్రి చెప్పేది రెండోది: "ఇది జబ్బు, వైద్యం చేస్తే తగ్గుతుంది." మొదటిది తిట్టు. దానికి జవాబు చెప్పడం మన ఉద్యమాలకు కొత్త కాదు. రెండోది దయగా వినిపిస్తుంది, పైగా అందులో చాలా భాగం నిజం కూడా. అందుకే దాన్ని మరింత జాగ్రత్తగా చదవాలి. మన దేశంలో తాగుడు వైద్యం మీద జరిగిన ప్రయోగాల్లో బాగా పేరొచ్చిన ఒకదాన్ని తీసుకొని, అది ఏం తేల్చిందో, దేన్ని చూడలేకపోయిందో ఇక్కడ పరిశీలిస్తున్నాం. కొట్టిపారేయడం మా ఉద్దేశం కాదు. కొట్టిపారేస్తే నష్టపోయేది మన మనుషులే.

ఆ ప్రయోగం గోవాలో జరిగింది. సంగత్ అనే సంస్థకు చెందిన అభిజిత్ నద్‌కర్ణి, విక్రమ్ పటేల్ తదితరులు 2013 అక్టోబరు నుంచి 2015 జులై దాకా పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 377 మంది మగవాళ్లను చేర్చుకున్నారు. అందరూ 18 నుంచి 65 ఏళ్ల మధ్య వాళ్లు. ఎవరు ఎంత ప్రమాదంగా తాగుతున్నారో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన 'ఆడిట్' అనే పది ప్రశ్నల పట్టీ వాడారు. దానిలో మొత్తం మార్కులు 40. 8 గానీ అంతకు మించి గానీ వస్తే ప్రమాదం మొదలైనట్టు లెక్క. 12 నుంచి 19 మధ్య వచ్చినవాళ్లనే ఈ ప్రయోగంలోకి తీసుకున్నారు. చీటీలు వేసినట్టుగా వాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఆరోగ్య కేంద్రం డాక్టరు చూసే వైద్యం. రెండో గుంపుకి దానితో పాటు నాలుగు దఫాల దాకా సలహా. ఆ సలహా ఇచ్చింది సైకియాట్రిస్టులు కాదు, మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేకుండా కేవలం తర్ఫీదు పొందిన మామూలు మనుషులు. తిట్టకుండా, నీతులు చెప్పకుండా, తాగే మనిషి తన లాభనష్టాలు తానే లెక్కేసుకునేలా మాట్లాడించడం వాళ్ల పద్ధతి.

మూడు నెలల తర్వాత చూస్తే మార్కులు 8 కంటే కిందికి దిగినవాళ్లు సలహా గుంపులో 36 శాతం, రెండో గుంపులో 26 శాతం. గడిచిన 14 రోజుల్లో చుక్క ముట్టనివాళ్లు 42 శాతం, 18 శాతం. ఏడాది తర్వాత చూసినా మార్కులు 8 కంటే కిందికి దిగినవాళ్లలో తేడా నిలిచే ఉంది: 54 శాతం, 32 శాతం. ఇది చిన్న సంగతి కాదు. తాగే మనిషి మారడు అనే మాటను ఈ లెక్క అబద్ధం చేసింది. పెద్ద డాక్టర్లే మార్చగలరు అనే మాటను కూడా అబద్ధం చేసింది. మన వాడల్లో చదువుకున్న ఆడపిల్లలు, మగపిల్లలు ఈ పని నేర్చుకోగలరనే ఆశ దీని నుంచి వస్తుంది. ఆ మేరకు ఈ పరిశోధకులకు మనం రుణపడి ఉన్నాం.

అయితే అదే లెక్కల్లో ఇంకో వరస ఉంది. భార్యల మీద హింస, పనికి పోలేకపోయిన రోజులు - వీటిలో మూడు నెలలకు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పరిశోధకులు ఈ సంగతి దాచలేదు, రాశారు. కానీ ఇంట్లో ఆడమనిషి అడిగే మొదటి ప్రశ్న ఆడిట్ మార్కుల గురించి కాదు. కొట్టడం ఆగిందా, కూలిడబ్బు ఇంటికొచ్చిందా అని. తాగుడు తగ్గినా కొట్టడం ఆగకపోతే, ఆ కొట్టడం సీసాలోంచి మాత్రమే రావట్లేదని అర్థం. మగపెత్తనం తాగని ఇళ్లలోనూ ఉంది. దానికి నాలుగు దఫాల సలహా సరిపోదు. పైగా ఈ ప్రయోగంలో తాగే ఆడవాళ్లు లేరు. 20 మార్కులు, ఆపైన వచ్చినవాళ్లు, అంటే పొద్దున్నే చేతులు వణికేదాకా పోయినవాళ్లు కూడా ఈ 377 మందిలో లేరు. మన వాడల్లో ముందు చచ్చిపోయేది వాళ్లే.

ఇక కొలబద్ద సంగతి. ఆడిట్ పట్టీని తయారు చేసినప్పుడు సమాచారం తీసుకున్నది ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికాల నుంచి. మన దేశం అందులో లేదు. అది అడిగేది 'తాగే రోజున ఎన్ని డ్రింకులు?' అని. సారా ప్యాకెట్టు, నాటుసారా గ్లాసు, కల్లు ముంత ఆ లెక్కలో ఎంతవుతాయో అడిగేవాడే మార్చి రాసుకోవాలి. తెలంగాణ కల్లు దుకాణాల దగ్గరికొస్తే చిక్కు ఇంకా పెద్దది. అక్కడ చాలాచోట్ల అమ్మేది చెట్టు కల్లు కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలిపిన నీళ్లు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగగానే పాలమూరు, నిజామాబాదు వైపు కూలి జనం ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆస్పత్రులకు చేరారు. వాళ్లను పట్టుకున్నది సారాయి కాదు, మాత్ర. ఎన్ని గ్లాసులు అని అడిగే పట్టీకి ఇది దొరకదు. కల్తీ చేసి లాభం తినే కాంట్రాక్టరు ఒకడు, ఆ పేరు మోసే గీత కార్మికుడు ఇంకొకడు, తాగి పడేది వ్యవసాయ కూలీ.

ఇప్పుడు అసలు ప్రశ్నకొస్తాం. ఇలాంటి ప్రయోగాల్లో కులం ఎక్కడుంది? చీటీలు వేసి రెండు గుంపులు చేయడంలో ఉన్న బలం ఏమిటంటే, కులం, కూలి, అప్పు, ఇంటి పక్కన షాపు - ఇవన్నీ రెండు వైపులా ఇంచుమించు సమానంగా పడతాయి. అందువల్లే సలహా ఒక్కటే ఎంత పనిచేసిందో తేలుతుంది. ఇది న్యాయమైన పద్ధతే. కానీ రెండు వైపులా సమానంగా ఉన్నది తేడాలో కనబడదు. అందరి నెత్తిన సమానంగా ఉన్న బరువు కొలతలో సున్నా అవుతుంది. ప్రయోగం అబద్ధం చెప్పదు. తనను అడగని ప్రశ్నకు జవాబు చెప్పదంతే. దాన్ని చదివే అధికారి మాత్రం, సలహాతో తగ్గుతుంది కాబట్టి తాగుడుకి కారణం మనిషి మనసే అని తేల్చేస్తాడు. మోసం జరిగేది అక్కడ.

దీనికి ఎదురు తప్పు ఒకటుంది. కొన్ని సర్వేలు కులం గడి పెట్టి, ఎస్సీ, ఎస్టీలకు ఇంత శాతం ప్రమాదం ఎక్కువ అని రాస్తాయి. కులాన్ని వయసులాగా, రక్తపోటులాగా మనిషి ఒంటికి అంటిన గుణం చేస్తాయి. ఊరి పెద్ద తిట్టు అప్పుడు పట్టికలోకెక్కి శాస్త్రమై కూర్చుంటుంది. కులం రాయొద్దని మేము అనట్లేదు. ఎక్కడ రాస్తున్నారని అడుగుతున్నాం. అది రోగి గడిలో కాదు, చుట్టూ ఉన్న ఏర్పాటు గడిలో రాయాలి. మ్యాన్‌హోల్‌లో దిగే పని ఎవరిది? మత్తు లేకుండా ఆ కంపులో దిగలేమని చెబుతున్న కార్మికుడి చేత ఆ పని చేయిస్తున్నదెవరు? బెల్టుషాపు ఏ వాడ మొగదల పెట్టారు? లైసెన్సు ఎవరి చేతిలో ఉంది? ఆస్పత్రిలో మంచం ఎవరికి దొరికింది? ఈ గడులు నింపితే కులం జబ్బుగా కాదు, జబ్బు చేసే యంత్రంగా కనబడుతుంది.

నివారణ గురించి పరిశోధనలు చెప్పేది మన ఆడవాళ్లు ముందే చెప్పారు. ధర పెంచాలి, దొరకడం తగ్గించాలి, ప్రకటనలు ఆపాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈనాడు దేశాలకు సిఫారసు చేస్తోంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని, మా ఊరికి సారా రావద్దు అని తేల్చారు. దుకాణాలు మూయించారు, వేలాలు అడ్డుకున్నారు. ఆ పోరాటంలో ముందు నిలిచినవాళ్లలో దళిత కూలి స్త్రీలు ఎందరో. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఖజానా పేరుతో దాన్ని ఎత్తేశారు. వాళ్లు మనిషిని తిట్టలేదు, సరఫరాను పట్టుకున్నారు. అది నివారణ శాస్త్రమే, కాకపోతే దానికి చీటీల గుంపులు లేవు, పత్రికలో పేరు లేదు. ఆ తర్వాత ప్రభుత్వాలు నేర్చుకున్న పాఠం వేరు. తెలంగాణలో 2021లో మద్యం షాపుల్లో ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం, గౌడులకు 15 శాతం కేటాయించారు. సామాజిక న్యాయం ఆస్పత్రి మంచం దాకా రాకుండా, కౌంటరు దాకా మాత్రం వచ్చింది.

మన ఉద్యమాల లోటు కూడా చెప్పుకోవాలి. షాపు మూయించాం గానీ, అప్పటికే దానికి బానిసైన మనిషి గురించి ఆలోచించలేదు. 2020 లాక్‌డౌన్‌లో షాపులు ఒక్కసారిగా మూతపడితే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ముందు ఏమైందో చూశాం. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారి ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి చెదరొచ్చు, ప్రాణమే పోవచ్చు. అతణ్ని గదిలో పెట్టి తాళం వేయడం శిక్షే గానీ వైద్యం కాదు. మగవాడికి తెలియకుండా అన్నంలో డైసల్ఫిరాం మాత్ర కలపడమూ అంతే. ఆ మాత్ర మీద తాగితే రక్తపోటు పడిపోయి చచ్చిపోవచ్చు. విసిగిపోయిన ఆడమనిషిని మేము తప్పుపట్టం. ఆమెకు వేరే దారి లేకుండా చేసిన వైద్యవ్యవస్థను తప్పుపడుతున్నాం.

ఆ వ్యవస్థ ఎంత ఉందో ఎయిమ్స్ జరిపి 2019లో వెలువరించిన జాతీయ సర్వే చెబుతోంది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికి ఏదో ఒక వైద్యం అందుతోంది. ఆస్పత్రిలో చేర్చి చేసే వైద్యం 180 మందిలో ఒక్కరికి. మిగతావాళ్ల సంగతి వాడే చూసుకోవాలి.

కాబట్టి మేము అడిగేవి ఇవి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గోవా తరహా సలహా పెట్టాలి, సలహాదారులు వాడల నుంచి రావాలి, వాళ్లకు జీతం ఇవ్వాలి, వెట్టి కాదు. ఉన్నట్టుండి ఆపినవాళ్లకు జిల్లా ఆస్పత్రిలో మంచాలుండాలి. ఏ ప్రయోగమైనా మన వాడకొస్తే ఏం కొలవాలో ముందు ఆడవాళ్లను అడగాలి. హింస, కూలిడబ్బు మొదటి వరసలో ఉండాలి. షాపు ఎక్కడుంది, పని ఎలాంటిది అన్నవి ఫలితాలతో పాటే రాయాలి. ఇక ఉద్యమంలో ఉన్న మనం చేయాల్సింది ఒకటుంది: తాగే మనిషిని సిగ్గుపెట్టకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి, అదే రోజు తిరిగొచ్చి షాపు ముందు కూర్చోవాలి. వీటిలో ఏ ఒక్కటి వదిలినా రెండోది నిలవదు.