లాంచీ మీది నుంచి కనిపించని ఒడ్డు: పోలవరం – పాపికొండల విహారయాత్ర, తెలుగు చలనచిత్ర దృష్టి

వ్యాససంగ్రహం:

రాజమహేంద్రవరం నుంచి పోలవరం, పాపికొండల మీదుగా భద్రాచలం వరకు సాగే గోదావరి ప్రయాణం తెలుగు సినిమాకు ఇష్టమైన కథావరణం. 'మూగమనసులు' (1964), 'అందాల రాముడు' (1973), 'గోదావరి' (2006) చిత్రాలలో పడవకు, ఒడ్డుకు మధ్య ఉన్న సంబంధం ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జీవనోపాధిగా ఉన్న పడవ క్రమంగా విహారసాధనంగా మారిన కొద్దీ, ఒడ్డున ఉన్న మనుషులు కథ నుంచి తప్పుకొని దృశ్యంలో భాగమయ్యారన్నది ఇందులోని ప్రతిపాదన. పోలవరం ప్రాజెక్టు కారణంగా ఆ ఒడ్డే ముంపునకు గురవుతున్న ఈ కాలంలో, ఈ చిత్రాల నేపథ్యాన్ని ఒక పాఠంగా చదవవలసిన అవసరాన్ని వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: గోదావరి, పోలవరం, పాపికొండలు, విహారయాత్ర, తెలుగు సినిమా, పర్యాటక దృష్టి, నిర్వాసితులు.

1. ప్రవేశిక:

విహారయాత్ర అంటే చూడటానికి వెళ్లడం. అయితే యాత్రికుడు దేన్ని చూడాలో, ఎక్కడ నిలబడి చూడాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఈ విషయాన్ని సామాజిక శాస్త్రవేత్త జాన్ అర్రీ 1990లో వెలువరించిన 'ది టూరిస్ట్ గేజ్' గ్రంథంలో సిద్ధాంతీకరించాడు. అంతకు ముందే 1976లో డీన్ మెకానెల్ తన 'ది టూరిస్ట్' గ్రంథంలో ఒక ప్రదేశం చూడదగినదిగా గుర్తింపు పొందాలంటే దానికి ఒక సూచిక కావాలని చెప్పాడు. ఆ సూచిక బోర్డు కావచ్చు, బొమ్మ కావచ్చు, కథ కావచ్చు. పాపికొండల విషయంలో ఆ సూచిక పనిని ప్రధానంగా చేసినది తెలుగు సినిమా. పోలవరం రేవులోనో, పట్టిసీమ రేవులోనో లాంచీ ఎక్కిన యాత్రికుడు ఆ నదిని అప్పటికే తెర మీద చూసి ఉన్నాడు. తాను చూసినదాన్నే మళ్లీ చూడటానికి అతడు బయలుదేరాడు.

ఈ నదీమార్గానికి అంతకు ముందు వేరే చరిత్ర ఉంది. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' ఈ కొండలలోని కొండరెడ్ల జీవితాన్ని వివరించిన గ్రంథం. పోడు వ్యవసాయం, వెదురు నరకడం, కలప గుత్తేదారుల కింద కూలి పని అందులో విస్తారంగా కనిపిస్తాయి. విహార లాంచీలు రాకముందు ఈ నీటి మీద దిగువకు సాగినవి వెదురు తెప్పలు, కలప దుంగలు. అంటే నది మొదట శ్రమకు దారి. విహారానికి దారి కావడం ఆ తర్వాతి మాట. ఈ మార్పును మూడు చిత్రాల ఆధారంగా గుర్తించవచ్చు.

2. 'మూగమనసులు': ఒడ్డు చెప్పిన కథ

ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వం వహించిన 'మూగమనసులు'ను సాధారణంగా పునర్జన్మ కథగా, విషాద ప్రేమకథగా చదువుతారు. ఆ చిత్రం ఒక విహారంతోనే మొదలవుతుందన్న సంగతి అంతగా చర్చకు రాలేదు. కొత్తగా పెళ్లైన జంట గోదావరి మీద పడవలో పోతుంది. ఒక సుడిగుండం దగ్గర ఆ ప్రయాణం భగ్నమవుతుంది. వారు ఒడ్డుకు చేరుతారు. అక్కడ ఒక ముసలామె సమాధుల దగ్గర కూర్చొని ఉంటుంది. ఆమె గౌరి. అసలు కథ ఆమె నోటి నుంచి వస్తుంది.

ఈ నిర్మాణం ముఖ్యమైనది. నదిని చూడటానికి వచ్చినవారు ఇక్కడ శ్రోతలుగా మారారు. చూసే అధికారం పడవలో ఉన్నవారిదైనా, చెప్పే అధికారం ఒడ్డున మిగిలినామెకు దక్కింది. ఆమె చెప్పిన కథలో కథానాయకుడు గోపి పడవ నడిపేవాడు. జమీందారు కూతురు రాధను రేవు దాటించడం అతని నిత్యకృత్యం. ఆమెను అతడు 'అమ్మాయిగారు' అని పిలుస్తాడు. ఆ ఒక్క పిలుపులో అంతస్తుల తేడా, ఆరాధన, తన హద్దు తనకు తెలిసిన వినయం కలిసి ఉన్నాయి. పడవ గోపికి జీవనోపాధి; అతని ఇల్లు, ఊరు, ఊరి మాటలు, నిందలు అన్నీ ఒడ్డున ఉన్నాయి. కాబట్టి కథ నీటికీ నేలకూ మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. నది అందంగా కనిపించినా, ఆ అందం బతుకు నుంచి విడిపోలేదు.

3. 'అందాల రాముడు': నీటి మీద ఊరు

తొమ్మిదేళ్ల తర్వాత బాపు దర్శకత్వంలో, ముళ్ళపూడి వెంకటరమణ రచనతో వచ్చిన 'అందాల రాముడు'లో పడవ స్వభావం మారింది. రాజమండ్రి నుంచి భద్రాచలానికి, సీతారాముల కల్యాణానికి సాగే ప్రయాణమిది. ఉన్నవారు, లేనివారు, మోసగించేవారు, మోసపోయేవారు ఒకే లాంచీలో చేరారు. బాపు రమణలు ఆ లాంచీని ఒక చిన్న ఊరుగా తీర్చిదిద్దారు. ఊళ్లో ఉండే కలహాలు, హాస్యం, స్వార్థం, సహాయం అన్నీ ఆ చెక్కల మీదే జరుగుతాయి.

ఇది కథనపరంగా గొప్ప సౌలభ్యం. ప్రయాణం కొనసాగినంత సేపు ఎవరూ ఎక్కడికీ పోలేరు కనుక మనుషుల నిజస్వరూపాలు బయటపడక తప్పదు. ప్రయాణానికి తీర్థయాత్ర అనే ధ్యేయం ఉండటం వల్ల విహారానికి ఒక నైతిక చట్రం కూడా ఏర్పడింది. అయితే ఊరు పడవలోకి వచ్చిన తర్వాత ఒడ్డున ఉన్న ఊరి అవసరం కథకు తగ్గింది. 'మూగమనసులు'లో కథ చెప్పిన ఒడ్డు ఇక్కడ పక్కనుంచి సాగిపోయే తీరం. సమాజాన్ని నీటి మీదికి తేవడంలో బాపు రమణలు సాధించిన విజయమే, తర్వాతి చిత్రాలకు ఒడ్డును మరిచిపోయే వీలును కూడా ఇచ్చింది.

4. 'గోదావరి': యాత్ర విహారమైన వేళ

శేఖర్ కమ్ముల 2006లో తీసిన 'గోదావరి' ఇదే నదీమార్గాన్ని ఎంచుకుంది. నాయకుడు శ్రీరామ్, నాయిక సీతామహాలక్ష్మి. పేర్లు, గమ్యస్థానం ముందరి చిత్రాన్ని గుర్తుచేస్తాయి. ప్రయాణికులు మాత్రం మారారు. విదేశంలో చదివి వచ్చి రాజకీయాలలో చేరి దేశానికి మేలు చేయాలనుకునే యువకుడు, సొంత వస్త్రాల దుకాణం నిలదొక్కుకోక విసిగిన యువతి ఈ లాంచీలో కలుస్తారు. నగరం నుంచి వచ్చిన వీరికి నది ఒక విరామం. తమ గురించి తాము ఆలోచించుకోవడానికి దొరికిన తీరిక. బుడగలు అమ్ముకునే పిల్లవాడు, అతని కుక్క ఆ తీరికకు ఆర్ద్రతను చేర్చారు.

చిత్రం సున్నితంగా, నిజాయితీగా ఉందనడంలో సందేహం లేదు. స్త్రీపురుషుల మధ్య సంభాషణను సమాన స్థాయిలో నడిపిన తీరు ఆనాటి తెలుగు సినిమాలో అరుదైనది. అయితే దాని కెమెరా ప్రధానంగా లాంచీ మీది ప్రయాణికుడి కంటితో చూస్తుంది. కొండలు, నీరు, పొద్దు వాలే వేళ వెలుగు పాత్రల మనఃస్థితులకు అద్దాలుగా నిలిచాయి. ప్రకృతి పాత్రలను ప్రతిబింబించే పనిలో ఉన్నప్పుడు, దానిలో నివసించే కోయలు, కొండరెడ్లు తమ సొంత కథలతో ప్రవేశించడానికి చోటు మిగలదు.

ఈ చిత్రం వచ్చిన కాలాన్ని కూడా గమనించాలి. పోలవరం ప్రాజెక్టుకు 1981లో అప్పటి ముఖ్యమంత్రి టి. అంజయ్య శంకుస్థాపన చేసినా, పనులు ఊపందుకున్నది 2004 తర్వాత. అంటే 'గోదావరి' లాంచీ సాగిన తీరం అప్పటికే ముంపు పటాలలో ఉంది. కథ దృష్టి ఆ వైపు లేదు. సమాజాన్ని మార్చాలని కలలుగనే నాయకుడు, ఆ కాలపు అతి పెద్ద సామాజిక ప్రశ్న మీదుగా ప్రయాణిస్తూ దాన్ని దృశ్యంగా మాత్రమే దాటిపోయాడు. ఇది ఒక వ్యక్తి చేసిన పొరపాటుగా చూడటం కంటే, విహారదృష్టి అనే చూపు విధించిన పరిమితిగా చూడటం సమంజసం.

5. తెర నుంచి నదికి: పాపికొండల విహారం

సినిమా ఇచ్చిన చూపును పర్యాటక లాంచీలు ఒక కార్యక్రమంగా మార్చాయి. వ్యాఖ్యాత హాస్యోక్తులు, స్పీకర్లలో సినిమా పాటలు, ఆ పాటలకు నృత్యాలు, భోజనం, గండిపోచమ్మ గుడి దగ్గర ఒక మజిలీ, పేరంటపల్లి మునివాటం దగ్గర మరొకటి. రాత్రి గడపదలచినవారికి కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెలు ఉండేవి. బేంబూ హట్స్‌గా పేరుపొందిన ఆ బసలలో అడవి చీకటి కూడా ఒక ఆకర్షణ. పేరంటపల్లిలో గిరిజనులు అమ్మే వెదురు బొమ్మలు యాత్రికుడికి, ఒడ్డుకు మధ్య మిగిలిన కొద్దిపాటి సంబంధం. ఒకప్పుడు తెప్పలుగా దిగువకు సాగిన వెదురు ఇప్పుడు జ్ఞాపికగా మిగిలింది.

విహారకేంద్రం స్థానికుల జీవితాన్ని మార్చడం ప్రపంచంలో కొత్త కాదు. స్పెయిన్ తూర్పు తీరాన మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న బెనిడోర్మ్ ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు జాలరుల ఊరు. 1956 నాటి పట్టణ ప్రణాళిక తర్వాత అది ఆకాశహర్మ్యాల హోటళ్లతో, తెల్లవార్లూ సాగే సంగీతశాలలతో యూరప్ అంతటికీ పేరెన్నికగన్న విహార నగరంగా మారింది. అక్కడ వల వేసిన ఊరు హోటళ్ల ఊరైంది. వృత్తి పోయినా చోటు మిగిలింది. పాపికొండలలో జరిగినది ఇందుకు భిన్నం. ఇక్కడ విహారం ఊరిని మార్చలేదు. ఊరి పక్కనుంచి సాగిపోయింది. ఊరిని తొలగించినది జలాశయం. అయితే తొలగింపు జరుగుతున్నప్పుడు కూడా వేలాది మంది ఆ ఊళ్లను చూస్తూనే ఉన్నారు. చూస్తున్నవారికి అది కనిపించకపోవడం ఎలా సాధ్యమైందన్నదే విమర్శ అడగవలసిన ప్రశ్న.

6. కచ్చులూరు: చూపు తిరగబడిన క్షణం

2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీద ఉన్న రోజున, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర డెబ్బైకి పైగా మనుషులున్న విహార లాంచీ మునిగింది. బయటపడినవారు 26 మంది. వారిని కాపాడినది సమీప గ్రామాల గిరిజనులు. సుడులు తిరిగే నీటిలోకి తమ నాటు పడవలు వేసుకొని వెళ్లారు.

ఈ ఘటనను సాహిత్య, చలనచిత్ర విమర్శ పట్టించుకోకుండా ఉండలేదు. విహార కథనంలో ఒడ్డు ఎప్పుడూ చూడబడేది. ఆ రోజు ఒడ్డు చూసింది. నదిని చదవగలిగినది, ఎక్కడ సుడి ఉందో తెలిసినది, పడవను అదుపు చేయగలిగినది వారే. 'మూగమనసులు'లో గోపికి ఉన్న జ్ఞానం అది. సుడిగుండంలో చెదిరిన ప్రయాణం, ఒడ్డున ఎదురైన మనిషి అనే 1964 నాటి కథాసూత్రం యాభై ఐదేళ్ల తర్వాత నిజజీవితంలో పునరావృతమైంది. అయితే ఈసారి ఒడ్డు మనుషుల కథ వినడానికి సినిమా అక్కడ ఆగలేదు.

7. ఒక ఆక్షేపణ – సమాధానం

వినోదం కోసం తీసిన చిత్రాలను నిర్వాసిత సమస్యతో తూచడం న్యాయమా అన్న ఆక్షేపణకు తావుంది. పడవలో కథ నడిపిన దర్శకుడు ఒడ్డు కథ కూడా చెప్పి తీరాలనే నియమం లేదు. ఈ ఆక్షేపణలో బలం ఉంది. ఏ కళాఖండాన్నీ అది చెప్పని విషయం కోసం మాత్రమే తప్పుపట్టడం విమర్శ కాదు.

అయితే ఇక్కడి ప్రశ్న తప్పొప్పులది కాదు, రూపానిది. కెమెరా ఎక్కడ నిలబడిందన్నది కథలో ఎవరికి మాట దక్కుతుందో నిర్ణయిస్తుంది. వినోదం, పాటలు, ప్రేమ అన్నీ ఉన్న 'మూగమనసులు' పడవవాడిని నాయకుడిగా, ఒడ్డున మిగిలిన స్త్రీని కథకురాలిగా నిలిపింది. కాబట్టి జనరంజకతకు, ఒడ్డు ఉనికికి మధ్య విరోధం లేదని తెలుగు సినిమాయే నిరూపించింది.

8. ముగింపు:

2014 రాష్ట్ర విభజన సమయంలో భద్రాచలం తెలంగాణలో ఉండిపోగా, చుట్టుపక్కల ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. 2021 జూన్‌లో గోదావరి ప్రవాహాన్ని స్పిల్‌వే వైపు మళ్లించారు. ఎగువ కాఫర్ డ్యామ్ నదికి అడ్డంగా నిలిచింది. పోలవరం ఆనకట్టకు దిగువన ఉండిపోయింది. విహార లాంచీలు ఎగువన గండిపోచమ్మ రేవు నుంచి బయలుదేరుతున్నాయి. రాజమండ్రి రేవులో ఎక్కి భద్రాచలంలో దిగే ఆ అఖండ ప్రయాణం, అంటే 'అందాల రాముడు', 'గోదావరి' చిత్రాల కథకు ఆధారమైన దారి, ఇప్పుడు చిత్రాలలోనే మిగిలింది. ప్రాజెక్టు వల్ల నిర్వాసితులయ్యే కుటుంబాల సంఖ్య లక్షకు పైబడింది. దేవీపట్నం, పూడిపల్లి వంటి ఊళ్ల వారు పునరావాస కాలనీలకు తరలిపోయారు.

ఈ పరిస్థితిలో ఆ చిత్రాలకు వాటి నిర్మాతలు ఊహించని విలువ ఏర్పడింది. ప్రేమికుల భుజాల వెనుక ఒక్క క్షణం కనిపించి పోయే రేవు, గుడిసె, చెట్టు, తీరాన నిలబడి లాంచీని చూస్తున్న పిల్లలు ఇప్పుడు ఆధారాలు. పరిశోధకులు ఈ చిత్రాలను ముందున్న పాత్రల కోసం కాక వెనుక ఉన్న తీరం కోసం మళ్లీ చూడాలి. ఏ దృశ్యం ఏ ఊరిలో తీసినదో గుర్తించి, ఆ దృశ్యాలను పునరావాస కాలనీలలోని పెద్దలకు చూపి, వారి మాటలలో ఆ స్థలాల పేర్లు, రేవుల పేర్లు, సుడిగుండాల పేర్లు నమోదు చేయాలి. సినిమా అధ్యయనం, మౌఖిక చరిత్ర, గిరిజన అధ్యయనం కలిసి చేయదగిన పని ఇది. ఆ చోట్లను గుర్తుపట్టగలిగిన తరం ఉండగానే దీన్ని చేపట్టాలి.

గౌరి చెప్పగా విన్నందువల్లనే గోపి, రాధల కథ మిగిలింది. పాపికొండల తీరం విషయంలో చెప్పగలిగినవారు ఇంకా ఉన్నారు. లాంచీ ఆపి వినడం మిగిలింది.