పొలంలో సమాధులు, కాగితాల్లో పేర్లు

అమెరికాలో వర్జీనియా, కెంటకీ పల్లెల్లో పాత కుటుంబ శ్మశానాలు పొలాల్లోనే ఉంటాయి. చాలా సమాధులకు చేలో దొరికిన రాయే గుర్తు, పేరుండదు. వాటిని ఆరా తీసే స్థానిక చరిత్రకారుల ఓపికకు దండం పెట్టాలి.

ముందు నేలను చూస్తారు: తూర్పు పడమరలుగా కుంగిన గుంతలు, సీడర్ చెట్లు, నేలంతా అల్లుకున్న వింకా తీగ. అరిగిన అక్షరాలపై అద్దంతో ఎండను పక్కవాటుగా పడేలా చేస్తే పేరు తేలుతుంది. ఇనుప బ్రష్ మాత్రం ముట్టరు, రాయి పాడవుతుంది.

తర్వాత దస్తావేజులు, వీలునామాలు, కుటుంబ బైబిల్లో రాసుకున్న జనన మరణాలు.

కాగితాల్లోనూ అందరి పేర్లూ దొరకవు: 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలను చాలావరకు పేరు లేకుండా, వయసు, లింగంతో యజమాని కింద రాశారు. వాళ్ల సమాధులకు పేరు వెతకడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా విలువైనది. పొలం కొత్తగా కొన్నవాళ్లు దయచేసి ఆ గుర్తు రాళ్లను కదపవద్దు.