అజ్ఞాతం ఎవరికి దక్కింది? జోగినీల సంఘ సమావేశాలపై ఒక విమర్శ

లైంగిక వ్యాపారం నుంచి బయటకొస్తున్న స్త్రీలు ఒకచోట కూచుని ఒకరి గోడు ఒకరు వినడం, ధైర్యం చెప్పుకోవడం ఇవాళ పునరావాస కార్యక్రమాల్లో మామూలైపోయింది. జోగినీల మధ్య పనిచేసే సంస్థలు కూడా ఇలాంటి సమావేశాలు నడుపుతున్నాయి. ఈ సమావేశాల రూపం గురించి మేం కొన్ని ప్రశ్నలు లేవనెత్తదలిచాం. ఎవరు కూచుంటారు, ఎవరు మాట్లాడతారు, రిజిస్టరు ఎవరి చేతిలో ఉంటుంది అన్నదాన్నిబట్టే అది విముక్తికి దారో, కొత్త రకం విచారణో తేలుతుంది.

ఈ రూపానికి ఒక మూలం అమెరికాలో ఉంది. 1935లో తాగుడు మానదలిచినవాళ్లు అక్కడ మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ పద్ధతిని 1980లలో ఒళ్లమ్ముకునే బతుకు వదిలిన స్త్రీలు కూడా తీసుకున్నారు. అందులో మంచి లేకపోలేదు. పైన కూచుని బోధించే డాక్టరుండడు, పాస్టరుండడు. అనుభవించినామె చెబుతుంది, అనుభవించినామే వింటుంది. జాలి చూపడానికొచ్చినవాళ్లకు అక్కడ కుర్చీ లేదు. ఏ ఉద్యమమైనా నేర్చుకోదగ్గ విషయమే. కానీ ఆ పద్ధతి రెండు కాళ్ల మీద నిలబడింది. ఒకటి, ఆ అలవాటు ముందు తాను ఓడిపోయానని ఒప్పుకోవడం. రెండు, పేరు బయటపెట్టకపోవడం. మన దళితవాడకు వచ్చేసరికి ఈ రెండూ తలకిందులవుతాయి.

జోగిని ఏ అలవాటుకు లొంగింది? తెలంగాణలో జోగిని, రాయలసీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ. పేర్లు వేరైనా పిల్లలు ఎక్కువగా మాల మాదిగ ఇళ్లలోంచే. ఇంట్లో జబ్బు చేసినా, మగపిల్లాడు లేకపోయినా మొక్కు బరువు ఆడపిల్ల మీదే పడింది. ఊహ తెలియని వయసులో ఎల్లమ్మ పేరనో పోచమ్మ పేరనో ముడిపెట్టి ఆ పిల్లను ఊరి మగాళ్ల ఉమ్మడి సొత్తు చేశారు. అలాంటి ఆమెను నలుగురిలో కూచోబెట్టి, నీ బతుకు ఎక్కడ దారితప్పిందో చెప్పమంటే అదెంత అన్యాయం! దారి తప్పింది ఊరు. ఒప్పుకోవాల్సిందీ ఊరే.

ఇక అజ్ఞాతం సంగతి. పట్నంలో ఆ బతుకు వదిలిన స్త్రీకి పేరు దాచుకోవడం రక్షణ. అద్దెకు ఇల్లు దొరకాలన్నా, పని దొరకాలన్నా అది కావాలి. దాన్ని మేం కాదనడం లేదు. కానీ జోగిని ఎవరో ఊరందరికీ తెలుసు. నలుగురి ముందు ముడిపెట్టినామెకు దాచుకోవడానికేం మిగిలింది? బయటికి రాని పేరు ఆమె గడప తొక్కినవాడిది. వాడు భూమున్నవాడు, పెద్దమనిషి, పంచాయితీలో తీర్పులు చెప్పేవాడు. అజ్ఞాతం వాడికి పుట్టుకతోనే దక్కింది. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం జోగిని, బసివి, మాతమ్మ అని పేరుపేరునా చెప్పింది. అంకితం చేసే తంతును నేరం చేసింది. చట్టం చూపంతా ఆ తంతు మీదే, పిల్లనిచ్చిన తల్లిదండ్రుల మీదే. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమెను వాడుకున్నవాడు ఆ చూపుకి ఆనడు.

సంస్కర్తల పని చిన్నదేం కాదు. 1980లలో నిజామాబాద్ జిల్లాలో జాషువా కూతురు హేమలతా లవణం, ఆమె సహచరుడు లవణం సంస్కార్ సంస్థ తరపున జోగినీల కోసం నిలబడ్డారు. వాళ్లు పెట్టిన ఆశ్రయం పేరు చెల్లి నిలయం. జోగిని అని పిలిపించుకున్నామెను చెల్లీ అనడంలో ప్రేమ ఉంది, ఊరి ముఖాన చెంపదెబ్బ కూడా ఉంది. అయితే చెల్లి అన్నప్పుడే అక్క, అన్న స్థానాలు వేరేవాళ్లకు ఖాయమవుతాయి. చెల్లి తరపున మాట్లాడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. జోగినీలు తమలో తాము అక్కాచెల్లెళ్లయినప్పుడే సంఘం మొదలవుతుంది.

ప్రభుత్వం పద్ధతి ఇంకా మోటు. అనైతిక వ్యాపార నిరోధక చట్టం కింద, రక్షించామని తెచ్చిన స్త్రీని మెజిస్ట్రేటు ఏడాది నుంచి మూడేళ్ల దాకా రక్షణ గృహంలో ఉంచొచ్చు. తాళం వేసిన గేటు లోపల, వార్డెన్ ఎదురుగా జరిగే సమావేశంలో ఎవరు మనసు విప్పుతారు? బుద్ధొచ్చినట్టు మాట్లాడితేనే బయటికి పంపుతారని తెలిసినప్పుడు ఆమె చెప్పేది ఆత్మకథ కాదు, విడుదలకు పెట్టుకున్న దరఖాస్తు. ఇష్టం లేకుండా అలాంటి గృహాల్లో ఉంచిన వయోజన స్త్రీల కేసులు చూసి, విడుదలకు గడువు పెట్టుకుని పనిచేయాలని 2022 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

మరి సమావేశం ఎలా ఉండాలి? మాట్లాడమని ఎవర్నీ బలవంతపెట్టకూడదు. రిజిస్టరు వాళ్లలో చదువొచ్చినామె రాయాలి. బయటివాళ్లు, మాలాంటి పరిశోధకులతో సహా, పిలిస్తేనే లోపలికి రావాలి. మొదట మాట్లాడుకోవాల్సింది భూమి, కూలి, పిల్లల బడి గురించి. వాడుకున్నవాడి పొలంలోనే ఆమెకు కూలి దొరుకుతున్నంతకాలం వదిలెయ్యమన్న మాటకు అర్థం లేదు. బడి దరఖాస్తులో తండ్రి పేరు దగ్గర ఖాళీ చూసి పిల్లల్ని ఎగతాళి చేస్తుంటే తల్లి బయటపడ్డట్టు ఎలా అవుతుంది? తండ్రి ఎవరో చెప్పకుండానే పెళ్లికాని తల్లి తన బిడ్డకు సంరక్షకురాలు కావొచ్చని 2015లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు పట్టుకుని ఒక్కామె బడికి పోతే కసిరి పంపొచ్చు. పదిమంది పోతే కూచోమనాల్సిందే. తోడంటే అదీ.

భూమి, కూలి అంటే లోపలి గాయం మానుతుందా అని అడిగేవాళ్లున్నారు. వాటితోనే మానదు. నిద్రపట్టని రాత్రులకు, తాగుడుకు, తన ఒంటి మీద తనకే కలిగే రోతకు కూడా ఆ సమావేశంలో చోటుండాలి. కానీ ఆ గాయాన్ని ఆమె సొంత జబ్బుగా చూసినంతకాలం గాయం చేసిన కులం నిమ్మళంగా ఉంటుంది. ఆమె తన పేరు దాచుకోవాలో చెప్పుకోవాలో ఆమె ఇష్టం. వాడి పేరు రిజిస్టరుకెక్కిన రోజున ఆ సంఘమంటే ఊరికి భయం పుడుతుంది.