వేడి మిషనా, చల్ల మిషనా?

షాద్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు దగ్గర ఈ వారం నా కండ్ల ముందే పత్తి విత్తనాల బిల్లు ఒకటి బొగ్గయిపోయింది. వానకు తడవకూడదని రైతు లామినేషన్‌కిచ్చాడు. గింజ మొలవకపోతే పరిహారం అడగడానికి ఆ బిల్లే ఆధారం. పంట చేతికొచ్చేదాకా దాచుకోమని వ్యవసాయాధికారులు ఏటా మొత్తుకుంటారు. పౌచ్ రోలర్లలో దూరి అవతల నిగనిగలాడుతూ తేలింది, లాట్ నంబరుతో సహా నల్లగా.

ఈ బిల్లులకు సిరా ఉండదు. వేడి తగిలితే నల్లబడే పూత ఉంటుంది. ప్రింటర్ అక్షరం మేరకే వేడి పెడుతుంది, లామినేషన్ మిషన్ కాగితమంతటికీ పెడుతుంది.

లామినేషన్ మీద నాకు పాత కక్ష ఉంది. మా పెద్దనాయిన ట్రంకు పెట్టెలో ఉర్దూ రసీదుల కింద ఒక సాదాబైనామా, అంటే తెల్లకాగితం మీద రాసుకున్న భూమి కొనుగోలు పత్రం, ఉండేది. మడతల దగ్గర చిరిగి, అంచులు ఎలుక కొరికి, వేలిముద్ర మాత్రం నిన్న వేసినట్టు. 2020 అక్టోబరు, నవంబరుల్లో సాదాబైనామాల క్రమబద్ధీకరణకు సర్కారు దరఖాస్తులు తీసుకున్నప్పుడు మా వైపు ఇట్లాంటి పెట్టెలు చాలా తెరుచుకున్నాయి. బెంగుళూరు రోడ్డు పక్క భూమి రేటు తెలిసినవాళ్ళకు ఆ తొందర చెప్పక్కర్లేదు. లామినేషన్ చేయిద్దామని ఇంట్లో అందరం అన్నాం. పెద్దనాయిన ఒక్కటే అడిగాడు: "రేపు తాసీల్దారు దీని మీద రాయాల్నంటే యాడ రాస్తడు? పిలాస్టిక్ మీదనా?"

సిరా పాతదో కొత్తదో చూడాలన్నా, వేలిముద్ర పోల్చాలన్నా కాగితం చేతికందాలి. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు శిథిల పత్రాలకు వేడి లేని లామినేషన్ కూడా చేశారు. సెల్యులోజ్ ఎసిటేట్ పొర, పల్చని టిష్యూ పెట్టి ఎసిటోన్ అద్ది అతికిస్తారు. మళ్ళీ ఎసిటోన్‌తోనే ఊడదీయొచ్చు. మన పౌచ్ జిగురు కరిగి కాగితం పీచులోకి దిగితే ఇక రాదు.

కాబట్టి కొత్తగా షాపు పెడుతున్న మా వాడకట్టు పిల్లగాడు "ఏ మిషన్ కొనాలె సార్?" అంటే అసలు కొనకు అనే చెప్పాలి నేను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ మేస్త్రీ చెమట జేబులో నానే కంపెనీ గేట్‌పాసు, అంగన్‌వాడీ గోడ మీది అక్షరాల చార్టు, హోటల్ రేట్ల పట్టీ ఏమైపోవాలి? వాటి మీద ఎవరి సంతకమూ అక్కర్లేదు, తడవకుంటే చాలు.

అందుకని చెప్పాను. రెండు రోలర్లది చవక, కానీ షీట్ అలలు తేలుతుంది. నాలుగు రోలర్లది చూడు. రివర్స్ బటన్ లేనిది ముట్టుకోకు, కాగితం ఇరుక్కుంటే అదే దిక్కు. పౌచ్ మామూలుకు 125 మైక్రాన్లు చాలు. 250 అడిగే గిరాకీ ఉంటే దాన్ని లాగే మిషనేనా అని ముందే అడుగు. హాట్, కోల్డ్ రెండూ ఉన్నది మేలు. అయితే కోల్డ్‌లో మామూలు పౌచ్ అంటుకోదు, జిగురుతో వచ్చే ఫిల్మ్ వేరేగా కొనాలి.

"విత్తనాల బిల్లు కోల్డ్‌ల పెట్టాల్నా మరి?"

దేంట్లోనూ పెట్టకు తమ్మీ. ఆ రాత ఎట్లాగూ కొన్ని నెలలకు వెలిసిపోతుంది. ముందు జిరాక్స్ తియ్యి, ఆ జిరాక్సుకు లామినేషన్ చెయ్యి, అసలుది ఉత్త కవర్లో పెట్టివ్వు. రెండు పనులకూ పైసలు తీసుకో.